నీళ్ళు పోసిన చెయ్యి

ఎండిన గొంతులో చుక్కవై, రాతిగుండెలో చెమ్మవై వెలసే జగజ్జననీ! ఈ కథ చెప్పే నా నాలుకపై అసత్యం దొర్లనీయకు తల్లీ.

పారకర్ర రెండోసారి వీపున పడేసరికి కౌలురైతు మోకాళ్ళపై కూలిపోయాడు. అయినా చేతిలోని సెన్సర్‌ను వదలలేదు. నేలలో పాతితే తడిని కొలిచి, తీగ లేకుండానే తోట మేనేజరు ఫోనుకు కబురు పంపే పరికరమది. తడి తగ్గిందని ఫోను చెబితేనే ఆ చేనికి నీటి వంతు. లేకుంటే ఆ వంతు యజమాని పండ్లతోటకు. పదకొండు రోజులుగా చేను తడిగానే ఉందంటోంది ఫోను. కళ్ళెదుట మొక్కజొన్న నిలువునా మాడుతోంది. చూసి చూసి, అతడు దాన్ని పెళ్ళగించాడు.

"డెబ్భై శాతం తడి చూపిస్తోందిరా! దీన్ని పీకమని ఎవడు చెప్పాడు నీకు?" మేనేజరు అరిచాడు.

కౌలురైతు నెత్తురు ఉమ్మాడు. "అయితే ఆ ఫోనే పిండండయ్యా. రెండు సాళ్ళు తడుపుకుంటాను."

మూడో దెబ్బకు భుజం ఎముక పటుక్కుమంది.

అతడి భార్య సెన్సర్ తీసిన గుంటలో చెయ్యిపెట్టి పిడికెడు మట్టి పిసికింది. వేళ్ళ సందుల్లోంచి బురద జారింది. రెండడుగుల అవతల నేల నెర్రెలు విచ్చి ఉంది.

"వాన లేదు, మోటారు లేదు. ఈ జానెడు చోటే ఎట్లా తడిసింది?"

గట్టుమీద నిలబడ్డ ఆమె తమ్ముడి ముఖం పాలిపోయింది. తోటలో మోటారు నడిపేది అతడే.

"నేనే పోశానక్కా. రోజూ పొద్దున్నే చెంబెడు. మిషను వేడెక్కితే పాడైపోతుంది, చల్లబరచమని ఈయనే చెప్పాడు."

"నోర్ముయ్యరా!" మేనేజరు గర్జించాడు. "వచ్చి మీ బావ చేతులు విరిచి పట్టుకో. లేదా, రేపట్నుంచి పనిలోకి రాకు."

అతడు గట్టు దిగాడు. పదకొండు చెంబుల నీళ్ళతో తోబుట్టువు చేను ఎండగట్టిన తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు.

"పట్టుకోను," అన్నాడు.

ఎన్నడూ ఎదురాడని నోట ఆ మాట విని మేనేజరు క్షణం నివ్వెరపోయాడు. ఆ క్షణంలోనే తమ్ముడు చేనికి నీరొదిలే గొట్టం దగ్గరికి నడిచి, వాల్వు చక్రాన్ని తిప్పసాగాడు. పారకర్ర కుడిచేతిపై పడింది. వేళ్ళు చితికాయి. ఎడమచెయ్యి వేశాడు.

"అక్కా, సాలుకు అడ్డం తియ్యి!"

ఆమె వట్టిచేతులతో మట్టి తోడసాగింది. గొట్టంలో గాలి బుసకొట్టింది. నీరింకా రాలేదు. కర్ర మళ్ళీ లేచింది.

విన్నవారందరి చేలూ తడియుగాక! కొట్టడానికి లేచిన చెయ్యి నడుమనే నిలుచుగాక! మీ గుండెల్లో చెమ్మ ఎన్నడూ ఆరకుండుగాక!