పెద్దమ్మాయి డ్రైవింగ్ టెస్టు

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని ఎత్తు మూడడుగుల పదకొండున్నర అంగుళాలు. చిన్నదాని ఎత్తు అయిదడుగుల ఎనిమిది. కొత్తగా ఎవరైనా ఇంటికొస్తే తల్లి వరసగా చూపించి "మా పెద్దమ్మాయి, మా చిన్నమ్మాయి" అనేది. వచ్చినవాళ్ళు తలాడించి, పాపం ఆవిడ కంగారులో తారుమారు చేసి చెప్పిందనుకుని మనసులో సరిదిద్దుకునేవాళ్ళు. పెద్దమ్మాయికి ఆ అర అంగుళం మీద మహా పట్టింపు. "నాలుగడుగులు కూడా లేవే" అంటే ఒప్పుకునేది. "మూడడుగుల పదకొండు" అంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. మిషను అందడానికి చక్రాలున్న ఇనుప మెట్లపీట ఒకటి ఉండేది. దాన్ని కాలితో తోసుకుంటూ గదంతా తిరిగేది. బల్ల మీద పడుకున్న రోగికి ముందు చక్రాల చప్పుడు వినపడేది, తర్వాత ఒక పెద్ద నవ్వు మొహం పైకి లేచేది. "ఊపిరి బిగబట్టండి" అని ఆమె చెప్పేలోపే చాలామంది బిగబట్టేసేవాళ్ళు.

గదిలో ఆమెదే రాజ్యం. చిక్కంతా గది బయటే. లిఫ్టులో అయిదో అంతస్తు బొత్తాం అందదు కాబట్టి మూడులో దిగి రెండంతస్తులు ఎక్కేది. బ్యాంకులో కౌంటరు వెనకున్న గుమాస్తా "తర్వాతెవరండీ" అని ఆమె తల మీదుగా చూసి పిలిచేవాడు. ఏ బట్ట కొన్నా చేతులూ అంచులూ జానెడు కత్తిరించాల్సిందే. తండ్రికి దర్జీ కొట్టు ఉండబట్టి ఆ పని ఇంట్లోనే గడిచిపోయేది.

అన్నిటికంటే పెద్ద శత్రువు బస్సు మెట్టు. ఒకరోజు పొద్దున్న ఆమె కడ్డీ పట్టుకుని ఎక్కబోతుంటే, వెనక తొందరలో ఉన్న ఒకాయన ఆమెని చంకల కింద పట్టుకుని ఎత్తి, బియ్యం బస్తా దింపినట్టు పైమెట్టు మీద పెట్టాడు.

"పద పాపా, స్కూలుకి టైమవుతోంది" అన్నాడు కూడా.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన ఆమె మెడలో ఆస్పత్రి కార్డు చూశాడు. ఎర్రబడ్డాడు. ఎత్తింది తప్పని తెలిసిందో, ఎత్తినదాన్ని దింపేస్తే సరిపోతుందనుకున్నాడో, మళ్ళీ చేతులు చాచాడు. "వద్దు, ఉండనివ్వండి" అందామె.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఆ సంగతంతా చెప్పి చివర్న, "నేను బండి నడుపుతాను" అంది.

తల్లి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "కాళ్ళు అందొద్దటే?"

"కాళ్ళు వెళ్ళకపోతే పెడల్సే నా దగ్గరికి వస్తాయి. మామయ్య లేడూ?"

మామయ్య తల్లికి తమ్ముడు. లేతు షెడ్డు ఉంది. ఇనుప సామాను మొయ్యడానికి ఒక పాత వ్యాను కూడా ఉంది. ఆయన మర్నాడే వచ్చి, మేనకోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి టేపు పెట్టి కొలిచి, చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి అరచేతి మీద రాసుకున్నాడు. మొదటిసారి చేసిన పెడల్ దిమ్మలు మరీ పొడుగై ఆమె మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. రెండోసారివి జారాయి. మూడోసారి తేలికపాటి అల్యూమినియం దిమ్మలు చేసి, ఒక్కోదానికి రెండు బోల్టులు బిగించి, పైన గీతల రబ్బరు అంటించాడు. ఆమె మోచేతులు పూర్తిగా సాగవు కాబట్టి గేరు కడ్డీకి కూడా ఒక ముక్క అతికించి పొడిగించాడు. తండ్రి తన కొట్లో మందమైన కాన్వాసుతో సీటుకీ వీపుకీ దిండ్లు కుట్టాడు. చెల్లెలు వాటిమీద కూర్చుని తల టాపుకి కొట్టుకుని దిగిపోయింది.

ఒక్కటే ఇబ్బంది మిగిలింది. ఆ వ్యానులో ముందు భాగాన అడ్డంగా ఒకటే పొడుగాటి సీటు. అది జరిపితే మొత్తం జరుగుతుంది. ఆమెకి సరిపడేలా ముందుకి లాగితే పక్కన కూర్చున్నవాళ్ళు చలికి వణికే పిల్లిలా ముడుచుకోవాలి. మామయ్య మూడు నెలలు అలా ముడుచుకునే నేర్పించాడు. నడుం పట్టేసినా కిక్కురుమనలేదు.

టెస్టు రోజు వచ్చింది. మైదానంలో వరసగా పాతికమంది నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరుకి యాభై అయిదేళ్ళుంటాయి. ఆరడుగుల పైచిలుకు మనిషి, మొహంలో నవ్వన్నది ఎప్పుడో బదిలీ అయిపోయినట్టుంది. వ్యాను దగ్గరికొచ్చి కిటికీలోంచి వంగి చూశాడు.

"దిగు పాపా. మీ నాన్నని రమ్మను."

"నాన్న కొట్టు తెరవడానికి వెళ్ళారు సార్. టెస్టు నాకే."

కాగితాలు తీసుకున్నాడు. పుట్టినతేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పెడల్స్ మార్పుకి ఇచ్చిన అనుమతి, ఎముకల డాక్టరు సర్టిఫికెట్టు, రెండూ చదివాడు. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకక అవతలి తలుపు తీసి ఎక్కబోయాడు. సగం ఎక్కి ఆగిపోయాడు.

"సీటు కాస్త వెనక్కి జరపమ్మా."

"జరిపితే నాకు బ్రేకు అందదు సార్."

బ్రేకు అందకపోవడం గురించి ఆయన ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత తనని తాను మూడు మడతలు పెట్టుకుని లోపలికి దూరాడు. మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చాయి. రాసుకునే అట్ట గడ్డం కింద ఇరుక్కుంది.

ఎనిమిది అంకె తిప్పింది. రివర్సు చేసింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించింది. ఆయన గడ్డంతోనే అట్టని నొక్కిపట్టి టిక్కులు పెట్టాడు. "రోడ్డు మీదికి పోనీ. రెండో ఎడమలో తిప్పి వెనక్కి తీసుకురా" అన్నాడు.

మొదటి ఎడమ దాటాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకు. ఇది మీ వంశంలో ఉందా?"

"లేదు సార్. అమ్మా నాన్నా మామూలు ఎత్తే. చెల్లెలైతే మీ చెవి దాకా వస్తుంది."

"మరి?"

"పిల్లలు ఎదిగేటప్పుడు కాళ్ళూ చేతుల ఎముకల చివర మెత్తటి పదార్థం ఉంటుంది సార్. అది గట్టిపడి ఎముకగా మారుతూ పోతేనే పొడుగవుతాం. నాలో ఆ పని సరిగా సాగలేదు. నడుం పైభాగం మామూలుగానే పెరిగింది. చేతులూ కాళ్ళే పొట్టి. ఒక జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే."

"అక్షరం మారితే ఇంతవుతుందా?"

"పుస్తకంలో అచ్చుతప్పు పడదూ, అలాగ. మనం అమ్మ కడుపులో పడకముందే ఆ తప్పు పడిపోతుంది. ఎవరు చేసిందీ కాదు. నాలాంటివాళ్ళలో పదింట ఎనిమిదిమంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్ళే. మా అమ్మకిది తెలీక, తను నిండు నెలల్లో నీళ్ళబిందె ఎత్తినందుకే నేనిలా పుట్టానని పదేళ్ళు ఏడ్చింది. నేను ఎక్స్‌రే కోర్సులో చేరాక పుస్తకం తెచ్చి చూపించాను. ఆరోజు రెండు పూటలా వంట మానేసి పడుకుంది. ఏం హాయిగా పడుకుందో సార్."

ఇన్‌స్పెక్టరు అట్టని గడ్డం కింద సర్దుకున్నాడు. మోకాళ్ళ మధ్యలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. బళ్ళో వరసలో ఎప్పుడూ అదే ముందు. క్లాసులో అందరికంటే పొట్టి. మా కోడలు పాలు తాగించి చంపుతోంది. మా ఆవిడ తలుపు కమ్మీ పట్టుకుని వేలాడమంటోంది" అన్నాడు.

"సార్, రెండో ఎడమ దాటిపోయింది."

"పోనీ. ముందిది చెప్పు."

"చూసి చెప్పడానికి నేను డాక్టర్ని కాను సార్. కారణాలు చాలా ఉంటాయి. ఇంట్లో అందరూ పొట్టైతే పిల్లలూ పొట్టే, అది జబ్బు కాదు. కొందరు నిదానంగా మొదలుపెట్టి చివర్లో అందుకుంటారు. థైరాయిడ్ తక్కువైనా, ఎదుగుదల హార్మోను తక్కువైనా, తిన్నది పేగులు పీల్చుకోకపోయినా ఎత్తు ఆగిపోతుంది. ఆడపిల్లల్లో క్రోమోజోము లోపం కూడా చూస్తారు. వాటిలో కొన్నిటికి మందుంది, కానీ తొందరగా కనిపెట్టాలి. పాపాయి ఏడాదికి ఎంత పెరుగుతోందో రాసిపెట్టారా?"

"తలుపు మీద గీతలు గీస్తాం."

"పక్కన తారీకులు వేశారా?"

ఆయన ఆలోచించాడు. "లేదు."

"అయితే అవి ఉట్టి గీతలే సార్."

ఈ మాటల్లో పడి ఇద్దరూ చూసుకోలేదు కానీ, వ్యాను అప్పటికే కూరగాయల సంతలోకి వచ్చేసింది. వెనక్కి తిప్పే చోటు లేదు. ముందు టమాటాల తోపుడుబండి, పక్కన రివర్సు అవుతున్న లారీ, మధ్యలో గోనెసంచులు నెత్తిన పెట్టుకున్న మనుషులు. పెద్దమ్మాయి మొదటి గేరులో అంగుళం అంగుళం కదిపింది. తోపుడుబండివాడు తలెత్తి చూసి, స్టీరింగు వెనకున్న మనిషిని చూసి, నోరు తెరిచి, బండిని మూడడుగులు వెనక్కి లాగాడు. లారీకీ గోడకీ మధ్య వ్యాను పట్టేంత సందుంది, పట్టేంతే ఉంది. ఆమె అటు అద్దం చూసింది, ఇటు అద్దం చూసింది, దూరింది. ఇన్‌స్పెక్టరు ఊపిరి బిగబట్టాడు. ఆమె అలవాటు కొద్దీ "వదలండి" అంది. ఆయన వదిలాడు.

సరిగ్గా అప్పుడు ఇద్దరు కూలీలు నిలువెత్తు అద్దం ఒకటి మోసుకుంటూ రోడ్డుకి అడ్డం వచ్చి, ఊపిరి తీసుకోవడానికి దాన్ని వ్యాను ఎదురుగా నిలబెట్టారు. అద్దంలో వ్యాను కనపడింది. ఒక పక్క దిండ్ల సింహాసనం మీద నిటారుగా కూర్చున్న మూడడుగుల పదకొండున్నర అంగుళాల డ్రైవరు. ఇంకోపక్క మోకాళ్ళ మధ్య తల, గడ్డం కింద అట్ట, గుడ్డులో కోడిపిల్లలా ముడుచుకున్న ఆరడుగుల ఇన్‌స్పెక్టరు.

ముందు నవ్వింది ఎవరో ఇద్దరికీ తెలీదు. ఆయన నవ్వు ఎక్కడో లోపల తుప్పు పట్టిన గేటు తెరుచుకున్నట్టు మొదలై, ఆగలేదు. నవ్వి నవ్వి ఆయన మోకాలు ఎదుటి అరకి తగిలింది. దాని మూత ఊడి, మామయ్య దాచుకున్న నట్లూ బోల్టులూ గలగలమని ఆయన ఒళ్ళోకి రాలాయి. అది చూసి ఆమెకి కళ్ళ నీళ్ళొచ్చాయి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కళ్ళు తుడుచుకుంది. అంత నవ్వులోనూ ఆయన ఆ హ్యాండ్ బ్రేకుకి టిక్కు పెట్టాడు.

మైదానానికి తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట దాటింది. వరసలో ఉన్నవాళ్ళు ఆశ వదిలేసి నేల మీద కూర్చున్నారు. మామయ్య గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వ్యాను కనపడగానే పరుగెత్తుకొచ్చి అడిగాడు.

"ఎవర్నన్నా గుద్దావా?"

"లేదు మామయ్యా. సంతకెళ్ళొచ్చాం."

ఇన్‌స్పెక్టరు తలుపు తీసి దిగబోయాడు. దిగలేకపోయాడు. సీటు వెనక్కి జరపబోతే జరగలేదు. రాలిన బోల్టు ఒకటి సీటు కింది పట్టాలో ఇరుక్కుపోయింది. మామయ్య స్పానరు తెచ్చి కింద దూరాడు. పాతికమందీ లేచి చుట్టూ మూగారు.

"ప్యాసయ్యానా సార్?" అందామె.

"ముందు నన్ను బయటికి తియ్యండి" అన్నాడాయన. మళ్ళీ ఆలోచించి, "వద్దు, ముందు సంతకం పెట్టనివ్వండి మేడమ్. దిగాక నడుం నొప్పితో సంతకం చెయ్యలేకపోతానేమో" అని, గడ్డం కింది అట్ట మీదే సంతకం గీకాడు. కింద ఒక వాక్యం కూడా రాశాడు. మైదానంలో ఒక మలుపు దగ్గర సిగ్నలు ఆలస్యంగా వేసిందట. అందులో ఆయన రాజీపడలేదు. అప్పటికి మామయ్య సీటుకున్న నాలుగు బోల్టులూ విప్పాడు. వరసలోని నలుగురు కుర్రాళ్ళు పట్టి, ఇన్‌స్పెక్టరుని సీటుతో సహా వెనక్కి లాగారు.

లైసెన్సు కార్డు వచ్చేలోపే ఆయన మనవరాల్ని తీసుకుని ఆస్పత్రికి వచ్చాడు. పిల్లల డాక్టరు రక్తపరీక్షలు రాసి, ఎక్స్‌రే గదికి పంపింది. ఆ పిల్ల బల్ల మీద ఎడమ అరచెయ్యి పరిచి, మెట్లపీట ఎక్కుతున్న పెద్దమ్మాయిని కళ్ళార్పకుండా చూసింది.

"నువ్వు తాతయ్యని ఇరికించావట కదా."

"ఆయనే ఇరుక్కున్నారు. చెయ్యి కదపకు."

ఎక్స్‌రేలో ఎముకల వయసు ఏడేళ్ళని తేలింది, అంటే ఇంకా ఎదిగే వ్యవధి ఉంది. రక్తంలో ఏ లోపమూ లేదు. ఇది నిదానంగా ఎదిగే పిల్ల, ఆర్నెల్లకోసారి కొలిచి చూద్దామంది డాక్టరు. ఇన్‌స్పెక్టరు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. బయటికెళ్ళేటప్పుడు, ఇక కమ్మీకి వేలాడక్కర్లేదని నానమ్మకి చెప్పమని మనవరాలు ఆయన చెయ్యి పట్టి లాగుతూనే ఉంది.

కార్డు వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే పెద్దమ్మాయి ఒక్కతే వ్యాను తీసింది. పెద్ద కూడలి దగ్గర మధ్యలో గుండ్రటి పూలతోట, చుట్టూ రోడ్డు. కుడి చేతి సందులో తిరిగితే ఆస్పత్రి. ఆమె ఆ సందు వదిలేసి చుట్టు తిరిగింది. బాగుంది. ఇంకోసారి తిరిగింది. స్టీరింగు చేతుల్లో నున్నగా తిరుగుతోంది, పూలు ఒకే రంగు చారలా సాగుతున్నాయి, కిటికీలోంచి గాలి వచ్చి జుట్టంతా మొహం మీదికి తోస్తోంది. అయిదో చుట్టులో పోలీసు చెయ్యెత్తి ఆపాడు.

"ఎటెళ్ళాలమ్మా? దారి తెలీడం లేదా?"

"తెలుసండీ."

"మరి?"

"బాగుందండీ."

అతను లోపలికి వంగి దిమ్మలు చూశాడు, దిండ్లు చూశాడు, ఆమె మొహం చూశాడు. రోడ్డు ఖాళీగానే ఉంది.

"ఇంకొక్కటి వేసి వెళ్ళండి" అన్నాడు.

ఆమె రెండు వేసింది.