సావిట్లో తెల్లచొక్కా

పందికొక్కు అని పేటంతా పిలిచే ముసలాయన నగరం కిందున్న వాననీటి కాలువల్లో ముప్పై ఏళ్ళు పూడిక తీశాడు. ఆ ముప్పై ఏళ్ళూ భార్య అతనికి బయట మెట్టు మీదే కంచం పెట్టింది. పని మానేసి మూడేళ్ళయినా కంచం గుమ్మం దాటి లోపలికి రాలేదు. కింద ఇటుకలతో కట్టిన పెద్ద సావడి ఉందనీ, దానికి నలభై స్తంభాలనీ, అంత నిండైన కట్టడం పైన ఎక్కడా లేదనీ అతను చెప్పేవాడు. ఆమె నవ్వేది.

"ఆ సావిట్లో నువ్వు నిలబడ్డట్టు ఫొటో చూపించు. ఆ పూట నుంచి లోపల వడ్డిస్తా," అంది ఒకసారి. ఆ మాట పట్టుకుని కూచున్నాడు.

పాత కాలువల ఫొటోలు తీసే ఫొటోగ్రాఫరు ఒకడు దారి తెలిసినవాళ్ళ కోసం వెతుక్కుంటూ వచ్చాడు. తనకేమీ అక్కర్లేదనీ, ఒక్క ఫొటోలో తను పడితే చాలనీ ముసలాయన చెప్పాడు. అతను సరేనన్నాడు.

దిగే రోజు పందికొక్కు పెళ్ళిళ్ళకి తొడిగే తెల్లచొక్కా వేసుకుని మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"ఎలుకలింట్లో పెళ్ళా?" అంది భార్య.

కాలువ మూత ఎత్తి, తుప్పుపట్టిన మెట్లు దిగి, నడుం వంచి అరగంట నడిస్తే సావడి. మోకాలి లోతు నీళ్ళు. ఫొటోగ్రాఫరు కెమెరాని స్టాండుకి బిగించాడు. చీకటి కాబట్టి కెమెరా కన్ను నాలుగు నిమిషాలు తెరిచి ఉంచుతాననీ, ఆలోగా టార్చి పట్టుకుని స్తంభాల మధ్య తిరుగుతూ ప్రతి ఇటుక మీదా వెలుగు పడెయ్యమనీ చెప్పాడు. ఎక్కడా ఆగొద్దన్నాడు.

"నేను పడతానా బాబూ?"

"నడువు పెద్దాయనా, నడువు."

ఎంత తిరిగితే అంత పడతాననుకున్నాడు ముసలాయన. తీసిన పదకొండు ఫొటోలకీ తిరిగాడు. కెమెరా ముందుకొచ్చినప్పుడల్లా కాలరు సర్దుకున్నాడు. ఒకచోట గుంటలో కాలుపడి మోకాలు చీరుకుంది. టార్చిని మాత్రం తడవనివ్వలేదు.

రెండు నెలలకి ఆ ఫొటోలు పెద్ద హాల్లో గోడలకెక్కాయి. భార్యని తీసుకెళ్ళాడు. సావడి పండిన చేనులా వెలుగుతోంది. ఆమె నలభై స్తంభాలూ లెక్కపెట్టింది. తర్వాత అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో స్తంభం వెనకా వెతికింది.

"సావడి ఉంది. నువ్వెక్కడ?"

అతను ఫొటోగ్రాఫరు దగ్గరికి పోయి అడిగాడు. చుట్టూ నలుగురు పెద్దమనుషులున్నారు. జవాబు ఆమెకి చెప్పాడు ఫొటోగ్రాఫరు.

"వచ్చాడమ్మా. కదిలేవాళ్ళు ఇలాంటి ఫొటోలో పడరు. ఒకచోట నిలబడి ఉంటే పడేవాడే."

నలుగురూ నవ్వారు. ఇంకొక్కటి తీయమని ముసలాయన చేతులు జోడించాడు. ఈ ఫొటోలు ముందే పేపర్లో చూసి జనం దిగుతున్నారని కిందటి వారమే ఆ మూత మీద కాంక్రీటు పోశారట.

ఇల్లు చేరాక ఆమె అంది.

"నిలబడమన్నాను. అదొక్కటే కదా అడిగింది."

మెట్టు మీద కంచం పెట్టి తలుపు వేసుకుంది. వాన మొదలైంది. నీళ్ళు వీధి చివర కాలువ మీది ఇనప జాలీలోంచి కిందికి దిగుతున్నాయి. ఏ మలుపు తిరిగి ఏ స్తంభాన్ని ముందు తాకుతాయో అతనికి తెలుసు. అన్నం తడవకుండా కంచం మీదికి వంగి, గబగబా తిన్నాడు.