పల్చటి రికార్డు

జపాన్‌లోని మొరియోకలో స్టేషన్ వెనక సందులో ఉన్న కురమోచి మాస్టారి కాఫీ కొట్టుకి జనం కాఫీ కోసం రారు. ఆ కాఫీ అంత గొప్పదేమీ కాదు కూడా. జాజ్ వినడానికి వస్తారు. లోపల ఎవరూ మాట్లాడకూడదు. చీటీ మీద రికార్డు పేరు రాసిస్తే మాస్టారు ఒక వైపు పూర్తిగా వినిపిస్తారు.

రికార్డులన్నీ ఒకే మందం ఉండవు. దళసరిది పెడితే ప్లేయర్‌లో ముల్లు బిగించిన చేతిని వెనకవైపు కాస్త లేపాలి, పల్చటిదైతే దించాలి. లేకపోతే పాట కీచుమంటుంది. మాస్టారు ప్రతి రికార్డుకీ తల వంచి, ఒక్క క్షణం విని, అది తిరుగుతుండగానే ఆ ముల్లు చేతి మొదట్లో ఉన్న మరను వెంట్రుకవాసి తిప్పేవారు. ఆ పని చూడ్డానికే వచ్చేవాళ్లున్నారు. ఆ మర మీద భార్య కినుయోని కూడా ఏనాడూ చెయ్యి వేయనివ్వలేదు.

ఈ శీతాకాలంలో కినుయోకి ఒక అనుమానం వచ్చింది. అందరూ దళసరి రికార్డులే అడుగుతున్నారు. పల్చటివాటి మీద దుమ్ము పేరుకుంది. పాత ఖాతాదారు హతనాక వెళ్లిపోతుంటే గుమ్మం బయట ఆపి అడిగింది. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"మాస్టారు మర మీద వేళ్లు పెడుతున్నారు గానీ తిప్పడం లేదమ్మా. అది దళసరివాటి దగ్గరే ఆగిపోయింది. అందుకే మేం అవే అడుగుతున్నాం."

కినుయోకి ఒళ్లు మండింది. ఇంత మర్యాద వీళ్లనెవరు చేయమన్నారు? ఇంట్లో భర్త ప్రతి మాటా రెండుసార్లు అడుగుతుంటే పరధ్యానం అనుకుందే గాని, చెవులు పోతున్నాయనుకోలేదు. ఆ చెవులు తప్ప ఆయనకి మరో గర్వం లేదు. ఎలా చెప్పాలో తెలియక భయంతో నోరు మూసుకుంది.

ఆ వారంలోనే ఎవరో కొత్త అమ్మాయి వచ్చి పల్చటి రికార్డు అడిగింది. మాస్టారు పెట్టారు, తల వంచారు, వేళ్లు మర మీద ఆనించి తీసేశారు. శాక్సోఫోన్ చెవులు కోసేసింది. హతనాకతో సహా అందరూ కప్పుల్లోకే చూస్తున్నారు. ఆ అమ్మాయి ఒక్కతే మొహం చిట్లించింది. మాస్టారు ఆ మొహం చూశారు.

"కినుయో, ఇలా రా," అని పిలిచారు. పాట నడుస్తుండగా ఆయన నోరు విప్పడం అక్కడెవరూ ఎరగరు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వు తిప్పు."

"నాకవన్నీ ఏం తెలుసండీ?"

"నాకూ తెలియడం లేదు ఇప్పుడు."

కినుయో మరను మెల్లగా కిందికి తిప్పింది. కీచుదనం కొంచెం కొంచెంగా తగ్గింది. మాస్టారు రికార్డు వైపు చూడటం లేదు, ఆమె మొహమే చూస్తున్నారు. పాట కుదురుకున్న చోట ఆమె వేళ్లు ఆగాయి.

"ఎలా ఉంది?" అన్నారు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగని మాట అది.

"బాగుందండీ," అంది కినుయో.

ఆయనకి వినపడలేదు. కొట్టంతా వినేలా మళ్లీ చెప్పవలసి వచ్చింది.