ముందస్తు తిట్లు

మా కోడలికి ఏడో నెల. చొక్కాలు కుట్టే షెడ్డులో కాలర్లు అతుకుతుంది. ఆస్పత్రిలో గర్భిణులను చూసేది బుధవారం ఒక్కరోజే. మొదటిసారి మేస్త్రీ సెలవివ్వలేదు. రెండోసారి ఆర్డరు తొందరన్నాడు. మూడోసారి సెలవు దొరికింది గానీ కోడలే కదల్లేదు. రెండుసార్లు ఎగ్గొట్టినదాన్ని నర్సు ఊరికే వదులుతుందా అని దాని భయం.

ఆ భయం పెట్టింది నేనే. ఆ నర్సుకి మా వీధిలో పిడుగమ్మ అని పేరు. ఆమె ఎవర్ని ఏమందో నాకు తెలిసింది ఆవగింజంత అయితే, మిగతాది ఉప్పూ కారం చల్లి నేనే వడ్డించేదాన్ని. పైగా "మా కాలంలో ఈ ఆస్పత్రి కార్డులెక్కడివి? కాన్పులన్నీ ఇంట్లోనే" అని గొప్పలొకటి. నా నోటికి తాళం లేదు.

మంగళవారం పొద్దున కోడలు మావాడి చెప్పులేసుకుని పనికి బయల్దేరింది.

"అదేంటే?"

"నావి పట్టట్లేదత్తయ్యా. పాదాలు ఉబ్బాయి. తల కూడా పగిలిపోతోంది."

"రేపు ఆస్పత్రికి పోదాం."

"అమ్మో! ఆవిడ నలుగురిలో నన్ను కడిగేస్తుంది. నేను రాను."

అది అటు వెళ్లగానే నేను ఇటు ఆస్పత్రికి పోయాను. పిడుగమ్మ బల్ల మీద సూదుల డబ్బాలు సర్దుతోంది. తీరా చూస్తే మనిషి నా భుజం దాకా లేదు.

"రేపు మా కోడల్ని తెస్తాను. మూడుసార్లు రాలేదు. ఆ తిట్లేవో ఇవాళే నన్ను తిట్టెయ్యండి" అన్నాను స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"ఏంటీ?"

"మొత్తం తిట్టెయ్యండి. రేపటికి ఒక్కటి కూడా మిగలకూడదు."

ఎగాదిగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది చూడండి! నా బుద్ధి, నా వయసు, నా తెల్లజుట్టు, దేన్నీ వదల్లేదు. నేనూ తక్కువదాన్ని కాను, అయినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. చివరికి ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, "నువ్వెన్నిసార్లు చూపించుకున్నావు?" అంది.

"ఒక్కసారి. బట్టలు మాశాయని అందరి ముందూ అరిచారు. మళ్లీ పోలేదు."

"ఎన్ని కాన్పులు?"

"ఐదు."

"పిల్లలు?"

"నలుగురు. మొదటిసారి నా పాదాలూ ఇప్పుడు మా కోడలికి ఉబ్బినట్టే ఉబ్బాయి."

ఆ మాట నేను ఇంట్లో కూడా ఎన్నడూ అనలేదు. కళ్లనీళ్లు ఆగలేదు. పిడుగమ్మ లేచి నిలబడింది.

"రేపేంటి? ఇప్పుడే తీసుకురా."

షెడ్డుకి పరుగెత్తాను. మేస్త్రీ అడ్డమొస్తే, అప్పుడే తిన్న తిట్లలో నాలుగు వాడికి పంచాను. "నిన్ను ఆవిడ పల్లెత్తు మాట అనదు, నాదీ పూచీ" అని కోడల్ని మిషను ముందు నుంచి లేపాను.

పిడుగమ్మ దాని చేతికి పట్టీ చుట్టి చూసింది. మళ్లీ చూసింది. డాక్టరమ్మను పిలిచింది. బీపీ బాగా ఎక్కువుందట. ఇంకో వారం ఆగి ఉంటే తల్లికీ బిడ్డకీ గండమేనట. మందులిచ్చి అక్కడే మంచమెక్కించారు.

సాయంత్రానికి తలనొప్పి తగ్గి, కోడలు నావైపు తిరిగింది.

"ఆవిడ ఎంత మంచిదత్తయ్యా! ఒక్క మాట అనలేదు. మీరే లేనిపోనివి చెప్పి నన్ను భయపెట్టారు."

మాత్రలు అందిస్తున్న పిడుగమ్మ, నేనేమంటానా అని నావైపు చూసింది.

"అవునమ్మా, తప్పు నాదే" అన్నాను. అది కాపురానికొచ్చాక దానితో నేను ఆ మాట అనడం అదే మొదలు.