పదకొండు గంటల కాఫీ

ఆ సోమవారం పొద్దున పాలు పొంగి స్టవ్వు మీద పడడం అది రెండోసారి. రేహానా పరుగున వచ్చి స్టవ్వు కట్టేసి వెనక్కి తిరిగేసరికి రాజేష్ చప్పట్లు కొడుతున్నాడు.

"పొంగిందండీ టీచర్! పొంగిందండీ!"

"చూశాను నాయనా. పొంగితే ఏం చెయ్యమన్నాను?"

"చెప్పమన్నారండీ. చెప్పాను కదండీ."

నిజమే. వాడు స్టవ్వంటే ఇంకా భయపడే రోజుల్లో, పొంగగానే నాకు చెప్పు అని నేర్పింది తనే. ఆ తర్వాత కట్టెయ్యడం కూడా నేర్పింది, పాతికసార్లు చూపించింది. రాజేష్‌కి మాత్రం మొదటి పాఠమే స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్ళవాడు, గుమ్మం తలకి తగిలేంత ఎత్తు. పాలు పైకి లేస్తుంటే వాడి మొహం పండగలా వెలిగిపోతుంది. తిట్టడానికి నోరు రాదు, తిట్టకుండా ఉండడానికి ఓపిక చాలదు.

ఏలూరు పవర్‌పేటలో బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల కోసం నడిచే స్కూల్లో రేహానా టీచరు. ముప్ఫై మంది పిల్లలు, రెండు గదులు, ఒక వరండా. పదహారేళ్ళు దాటినవాళ్ళు కూడా పూసలు గుచ్చుకుంటూ కూర్చోవడం చూసి చూసి విసుగెత్తి, 2007 జూన్‌లో తనే ఈ కాఫీ పని మొదలుపెట్టింది. ప్రహరీగోడ అవతల హైస్కూలు. అక్కడి స్టాఫ్‌రూముకి రోజూ పదకొండింటికి పద్నాలుగు కాఫీలు. పిల్లలే డికాషను తీస్తారు, పిల్లలే కలుపుతారు. కాఫీ చేసినవాళ్ళే వెళ్ళి చేతికి అందించాలన్నది రేహానా పెట్టిన నియమం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. నడపడానికే ప్రాణం తోడేస్తోంది.

పొడి కొలిచేది, గ్లాసుల్లో పోసేది మునీర్. గడియారాలు బాగుచేసే అహ్మద్ గారి అబ్బాయి, పదిహేడేళ్ళవాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, చెయ్యి మాత్రం తక్కెడే. అన్ని గ్లాసుల్లోనూ కాఫీ ఒకే గీత దగ్గర ఆగుతుంది. ఆ గీత లేని గ్లాసు ఎదురైతే వాడే ఆగిపోతాడు. లెక్కల మాస్టారు ముచ్చటపడి కొనుక్కున్న పింగాణీ కప్పు పంపిస్తే, దాన్ని చూస్తూ అరగంట నిలబడ్డాడు. ఆరోజు స్టాఫ్‌రూములో ఎవరికీ కాఫీ లేదు.

అందించేది తేజస్వి. పందొమ్మిదేళ్ళు. గుండుగొలను నుంచి తల్లి రామలక్ష్మి రోజూ బస్సులో తీసుకొస్తుంది. పొట్టిగా, బొద్దుగా, రెండు జడలతో ట్రే పట్టుకు నడిచిందంటే ఒక్క చుక్క ఒలకదు. అంతవరకూ బంగారమే. కానీ ఆ పిల్ల ప్రతి మాస్టారి ముందూ ఆగి, "బాగున్నారా అండీ? టిఫిను చేశారా అండీ?" అని అడుగుతుంది. ఆయన తలెత్తి, తన మొహం చూసి, జవాబు చెప్పేదాకా గ్లాసు ఇవ్వదు. పద్నాలుగు మందికీ అంతే. చివరి కుర్చీకి కాఫీ చేరేసరికి గంట కొట్టేస్తారు.

"అడుగు తల్లీ, తప్పులేదు. జవాబు కోసం ఆగకు," అని రేహానా ఎన్నిసార్లు చెప్పిందో.

"జవాబు వద్దంటే అడగడం ఎందుకండీ?" అనేది తేజస్వి.



ఆ సాయంత్రం హైస్కూలు హెడ్‌మాస్టరు గంగాధరరావు గారు స్వయంగా గేటుదాకా వచ్చారు. మెత్తని మనిషి. ఆయన కోపం కూడా అండీలు కలుపుకొని వస్తుంది.

"ఏవండీ రేహానా గారూ, ఏమీ అనుకోరుగా? గురువారం మాకు ఇన్‌స్పెక్షనండీ. ఇద్దరు ఆఫీసర్లు వస్తున్నారు. మీ కాఫీ బ్రహ్మాండంగా ఉంటుందండీ, అందులో తిరుగులేదు. పిల్లల్ని మాత్రం ఆ ఒక్కరోజుకీ... మా అటెండరు నాగేశ్వరరావుని పంపిస్తానండీ. ఫ్లాస్కు అతని చేతికిచ్చేయండి, చాలు."

"అలాగేనండీ," అంది రేహానా, క్షణం ఆలోచించకుండా.

గేటు వేసి వెనక్కి వస్తుంటే ఒళ్ళు తేలికపడినట్టు అనిపించింది. ఒక్కరోజు. పదకొండింటికి కాఫీ వెళ్ళిపోతుంది, ఎవరూ ఎవరినీ టిఫిను సంగతి అడగరు. ఆ హాయికి కాస్త సిగ్గేసింది గానీ, లోపల ఎవరో నీళ్ళబిందె దొర్లించిన చప్పుడైంది. సిగ్గుపడే తీరిక లేకపోయింది.

గురువారం పదకొండుకి పది నిమిషాలుండగా నాగేశ్వరరావు వచ్చి వరండాలో నిలబడ్డాడు. తేజస్వి అప్పటికే కనకాంబరాలు పెట్టుకొని, రెండు లీటర్ల ఫ్లాస్కు గుండెకి హత్తుకొని సిద్ధంగా ఉంది.

"ఇవాళ ఫ్లాస్కు ఈయనకి ఇచ్చెయ్యమ్మా," అంది రేహానా, వీలైనంత మామూలుగా.

"ఎందుకండీ?"

"ఇవాళ నీకు సెలవు."

"నాకు సెలవొద్దండీ. కాఫీ ఈయన చేశారా అండీ?"

నాగేశ్వరరావు ఇబ్బందిగా నవ్వాడు. "నేనెక్కడ చేశానమ్మా. మోసుకెళ్తానంతే."

"చేసినవాళ్ళే ఇవ్వాలని మీరే చెప్పారు కదండీ, టీచర్."

"చెప్పాను. ఇవాళ ఒక్కరోజుకీ కాదు. టైమవుతోంది, ఇచ్చెయ్."

"ఇవ్వనండీ."

ఆ 'అండీ' దగ్గరే రేహానాకి తిక్కరేగింది. "మీతో వేగలేక చస్తున్నాను! ఒక్కరోజైనా చెప్పిన మాట వినలేరా?" అంటూ ఫ్లాస్కు పట్టుకు లాగింది. తేజస్వి వదల్లేదు. రెండోసారి లాగేసరికి అది ఇద్దరి చేతుల్లోంచీ జారి నేలమీద పడింది. లోపలి గాజు భళ్ళుమంది. మూత ఊడి, కాఫీ పెంకులతో కలిసి వరండా అంచుదాకా పారింది.

మునీర్ రెండు చెవులూ మూసుకున్నాడు. నాగేశ్వరరావు "అయ్యయ్యో" అంటూ గోడవారకి జరిగాడు. రేహానా ఉన్నచోటే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళలో ఏ పిల్లమీదా చెయ్యి చేసుకోలేదు. ఇప్పుడు చేసినదానికీ దానికీ పెద్ద తేడా లేదనిపించింది.

"కదలకండి టీచర్. గాజుందండీ," అంది తేజస్వి. తను చెప్పులు తొడుక్కొని, గుమ్మం దగ్గరున్న రేహానా చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. చీపురు తెచ్చి పెంకులు ఒక పక్కకి ఊడ్చింది. రాజేష్ చేట పట్టాడు. గాజు పగిలితే ఏం చెయ్యాలో ఎప్పుడో ఒక్కసారి చెప్పింది రేహానా, ఆ ఒక్కసారే. మునీర్ కాసేపటికి చెవులమీంచి చేతులు తీసి, ఎవరూ అడగకుండానే ఫిల్టరులో పొడి వేశాడు.

"తప్పు నాదమ్మా," అంది రేహానా. "నేను లాగాను."

"అవునండీ," అంది తేజస్వి, ఊడుస్తూనే.

"మా అయ్యగారికి ఏం చెప్పమంటారండీ?" అన్నాడు నాగేశ్వరరావు.

"అరగంట ఆలస్యమవుతుందని చెప్పండి. పిల్లలే తెస్తారని కూడా చెప్పండి."

పాలు మళ్ళీ ఎక్కించారు. "పొంగిందండీ!" అన్నాడు రాజేష్. రేహానా వెళ్ళి స్టవ్వు కట్టేసింది.

పూర్తిగా దిగని డికాషనుతోనే కాఫీ కలిపి, స్టీలు జగ్గుల్లో పోసుకొని నలుగురూ బయల్దేరారు. గంగాధరరావు గారు తన గది గుమ్మంలోనే ఎదురయ్యారు.

"అదేంటండీ రేహానా గారూ, మాట అనుకున్నాం కదండీ!"

"అనుకున్నామండీ. ఒప్పుకోవడం నా పొరపాటు. కాఫీ వీళ్ళది. వీళ్ళ చేతిమీదుగా తీసుకుంటే తీసుకోండి, లేదంటే వెనక్కి పట్టుకుపోతాం."

"కాఫీ వచ్చిందా అండీ?" అని లోపలినుంచి గొంతు వినిపించింది. ఆయన చేసేది లేక పక్కకి తప్పుకున్నారు.

పెద్దాఫీసరు చలపతిరావు గారు రిజిస్టరులో తల దూర్చి ఉన్నారు. తేజస్వి ఆయన ముందు ట్రేతో నిలబడింది. "బాగున్నారా అండీ? టిఫిను చేశారా అండీ?"

"ఆఁ, పెట్టమ్మా," అన్నారు ఆయన తలెత్తకుండా.

తేజస్వి పెట్టలేదు. గంగాధరరావు గారు రేహానాని చూశారు. రేహానా కిటికీని చూసింది. చివరికి ఆఫీసరు తలెత్తారు.

"టిఫినా? లేదమ్మా. పొద్దున్నే బయల్దేరాను."

"అయితే కాఫీ తాగకూడదండీ. టిఫిను చేశాక ఇస్తాను," అని తేజస్వి ట్రే వెనక్కి తీసుకుంది.

భూమి చీలితే బాగుండునని రేహానా అనుకుంది. చలపతిరావు గారు ఆ పిల్ల మొహం చూసి, రిజిస్టరు మూసేసి గంగాధరరావు గారి వైపు తిరిగారు. "నిజమేనండీ. షుగరు మాత్ర వేసుకొని ఏమీ తినకుండా వచ్చేశాను. ఏదైనా తెప్పిస్తారా?"

ఇడ్లీ వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో రెండో ఆఫీసరు ఊరికే కూర్చోలేక స్కూలంతా తిరిగి, తాళం వేసిన సైన్సు గది తెరిపించి, బూజుపట్టిన బీరువాలన్నీ రాసుకున్నారు.

శుక్రవారం గంగాధరరావు గారు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చారు. "సోమవారం నుంచి కాఫీ వద్దండీ. ఏమీ అనుకోకండి."

"అనుకుంటానండీ. ఎందుకు అనుకోను?" అంది రేహానా.

సోమవారం వద్దని ఎంత చెప్పినా పిల్లలు అలవాటు ప్రకారం కాఫీ చేసేశారు. పదకొండింటికి జగ్గులు నిండుగా ఉన్నాయి, వెళ్ళడానికి చోటు లేదు. రేహానా తల పట్టుకు కూర్చుంది. వరండాలో ఉన్న రామలక్ష్మి నెమ్మదిగా అంది: "మా మరిది పొలం కాగితాల పనిమీద రిజిస్ట్రేషను ఆఫీసుకి వచ్చాడండీ. చాలామంది ఉన్నారంట, ఆయన వంతు సాయంత్రానికి గానీ రాదంట. అక్కడికి పట్టుకెళ్తే తాగుతారేమోనండీ."

రెండు వీధుల అవతలే ఆ ఆఫీసు. వేపచెట్టు కింద బల్లలేసుకొని దస్తావేజులు రాసేవాళ్ళు, చేపల చెరువుల లీజు కాగితాలకి వచ్చిన కొల్లేటి లంకల రైతులు, సాక్షి సంతకాలకి తోడొచ్చిన చుట్టాలు. తేజస్వి మొదటి మనిషి ముందు ఆగి అడిగింది. తెల్లపంచె పెద్దాయన, ఆయనకి తొందరేమీ లేదు. టిఫిను చేశానని చెప్పి, ఏ హోటల్లో చేశాడో చెప్పి, అక్కడి చట్నీలో ఉప్పెక్కువైందని చెప్పాడు. తేజస్వి అంతా విని గ్లాసు ఇచ్చింది. పక్కాయన తన వంతు కోసం సర్దుకు కూర్చున్నాడు.

ముప్పావుగంటలో జగ్గులు ఖాళీ అయ్యాయి, మళ్ళీ చెయ్యడానికి స్కూల్లో పాలు లేవు. రేహానా తనలో తను గొణుక్కుంటూ ఎండలో కొట్టుదాకా పరుగెత్తి, నాలుగు ప్యాకెట్లు పట్టుకు తిరిగొచ్చింది. మునీర్ బల్లమీద ఖాళీ గ్లాసులు వరసగా పేర్చి నిలబడ్డాడు. రాజేష్ కాఫీ లేదండీ, కాఫీ లేదండీ అని అందరికీ సంతోషంగా చెబుతున్నాడు. తేజస్వి బెంచీమీద ఒక లంక రైతు పక్కన కూర్చుని ఆయన కోడలి పురిటి సంగతులు వింటోంది.

"తేజస్వీ! లే, స్కూలుకెళ్ళి పాలు కాయాలి. మధ్యాహ్నం అయిపోతోంది!"

తేజస్వి చెయ్యెత్తి ఆపింది. "ఉండండి టీచర్. ఈయన ఇంకా చెబుతున్నారండీ."

చల్లటి ప్యాకెట్ల నీళ్ళు మోచేతిదాకా కారుతుంటే, రేహానా పళ్ళు బిగించి ఎండలో నిలబడింది.