కడగని బొట్టు

ఆ టిప్పర్‌ను కడిగింది మేమే. పోలీసులు మా మీద పెట్టిన కేసులో నిజం అదొక్కటే, అందుకే ముందు అదే చెప్తున్నాను. మా చేతులతో కడిగాం, నవ్వుకుంటూ కడిగాం, పండగ పూట కడిగాం. నేరం ఎవరిదో మిగతాది విని మీరే చెప్పండి. చదువుకునే పిల్లలు కూడా ఈ మీటింగ్‌కు వచ్చి కూర్చున్నారు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. మధ్యలో నా గొంతు లేస్తే ఏమీ అనుకోవద్దు. జగదీశ్వర్ పేరు నోటికి వచ్చినప్పుడల్లా నాకు అలాగే అవుతుంది.

నాందేడ్ నుంచి భోకర్ పోయే రోడ్డు మీద గజానన్ శేట్ వాషింగ్ సెంటర్ ఉంది. గంగలో, అంటే మా గోదావరిలో, ఇసుక తవ్వే కాంట్రాక్టు కూడా ఆయనదే, టిప్పర్లూ ఆయనవే. మేమంతా ఇస్లాపూర్, భోకర్ దిక్కు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఇంట్లో తెలుగు, పనిలో మరాఠీ. ఇసుక బండిని కడగడమంటే స్కూటర్ మీద నీళ్లు పోసినట్టు కాదు. కిందికి దూరి ఛాసిస్‌కు పట్టిన మన్ను పలుగుతో గీకి రాల్చాలి. గ్రీజు కరగడానికి డీజిల్ కొట్టాలి, తుప్పుకు తేజాబ్, అదే యాసిడ్, రాయాలి, అప్పుడు పంపు నీళ్లు. తేజాబ్‌కు అరచేతుల తోలు ఊడివస్తుంది. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, రోడ్డు దాటి తుమ్మల్లోకి పోవాలి. అందుకే సంఘం పెట్టుకున్నాం. బూట్లు, గ్లౌజులు, ఆడవాళ్లకో గది. మేము అడిగింది ఇంతే.

సంఘానికి అధ్యక్షుడు జగదీశ్వర్. వాళ్ల నాన్న రైల్వేలో చేసి ఇక్కడే స్థిరపడ్డాడు. మూడు భాషల్లో గడగడా మాట్లాడతాడు, అర్జీలు రాసిపెడతాడు, ఆఫీసర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. మాకు అది చూస్తేనే కడుపు నిండేది. మాతోపాటు బండ్లు కడిగే ముత్తెమ్మనైతే అక్కా అక్కా అని విడిచేవాడు కాదు. అతనికి కామెర్లు వచ్చినప్పుడు ఆమే పథ్యం వండి అతని ఇంటికి మోసింది. తన తోడబుట్టినవాడికి కూడా అంత చేసి ఉండదు.

ఆ తోడబుట్టినవాడే నర్సన్న. ముత్తెమ్మ పుట్టిల్లు ఉమ్రి దిక్కు, గంగ ఒడ్డున. శేట్ మిషన్లు అక్కడ ఇసుకను ఎంత లోతుకు తవ్వాయంటే బావులు ఎండిపోయాయి, ఒడ్డు చేన్లు కోసుకుపోయి గంగలో పడ్డాయి. నర్సన్న ఊరివాళ్లను కూడగట్టి ఘాటు దగ్గర, ఇసుక నింపే రేవులో, బండ్లకు అడ్డం నిలబడుతున్నాడు. వానకాలంలో ఒకసారి మా మీటింగ్‌కు కూడా వచ్చాడు. ఇసుక బండ్లు కడగడం ఆపండి అని అడిగాడు.

"గా బురద టైర్లతోని సిటీల దిగితె పట్టుకుంటరు. మీరు కడిగితెనే గవి తిరుగుతున్నయ్. మేము ఘాటుకాడ ఆపుతం, మీరు ఈడ ఆపుండ్రి."

మాలో కొందరం తల ఊపాం. జగదీశ్వర్ లేచాడు. ఇసుక పంచాయితీ రైతులది, మనది కాదన్నాడు. రెండూ కలిపితే శేట్ రెండూ ఇవ్వడన్నాడు. ముందు బూట్లు సాధిద్దాం, పోరాటం మెట్టు మెట్టుగా ఎక్కాలన్నాడు. మాతో బండ్లు కడిగే దేవకి ఒక్కతే కొట్లాడింది, మన పైన రాలే మన్ను వాళ్ల చేన్లదే కదా అని. చేతులెత్తమంటే ఎక్కువ చేతులు జగదీశ్వర్ వైపే లేచాయి. ముత్తెమ్మది కూడా.

"బూట్లు రానియ్యి తమ్మీ," అంది తమ్ముడితో. "గా తర్వాత నీ ముచ్చట జూద్దం."

నర్సన్న నవ్వి, అక్క పెట్టిన రొట్టె తిని పోయాడు. అతన్ని మేము ప్రాణంతో చూడటం అదే ఆఖరు.

దసరాకు ముందు రోజు ఖండే నవమి. ఆ రోజు పనిముట్లకు పూజ. పంపును, నీళ్లు కొట్టే గన్నులను, బ్రష్షులను, పలుగులను అన్నింటినీ కడిగి వరసగా పెట్టి పసుపూ కుంకుమా పెట్టాం, బంతిపూలు వేశాం. ఒకసారి పూజ అయిందంటే దసరా దాకా వాటిని ముట్టకూడదు. సంవత్సరం మొత్తంలో మా ఒంటికి దొరికే విరామం అదే.

కొబ్బరికాయ కొట్టి కూర్చున్నామో లేదో, ముందర బంతిపూల దండ వేసుకున్న టిప్పర్ వచ్చింది. డ్రైవర్ పక్క సీట్లోంచి జగదీశ్వర్ దిగాడు. గెలిచినమన్నాడు. శేట్ అన్నింటికీ ఒప్పుకున్నాడట, బూట్లు, గ్లౌజులు, గది. బదులుగా ఒక్కటే అడిగాడట. ఈ బండి రేపు శేట్ ఇంటి ముందు పూజకు నిలబడాలి, ఇప్పుడే అద్దంలా కడిగి ఇవ్వాలి. పూజ చేసిన పనిముట్లు ఎలా ముడతామని ముసలివాళ్లు గొణిగారు. నా మాట కోసం ఈ ఒక్కసారి, అన్నాడు జగదీశ్వర్. ఆ మాట మీద బంతిపూలు పక్కకు పెట్టి గన్నులు ఎత్తాం.

ముందు టైరుకు, దాని పైన మడ్‌గార్డుకు నెత్తురు ఉంది. ఇంత అమాయకులేంట్రా అని మీరు అనుకోవచ్చు. అనుకోండి, కానీ మా దిక్కు ఆ పండగకు బండికి మేకను కోస్తారు, నెత్తురు టైరుకు పూస్తారు. ఆ రోజు టైరుకు నెత్తురు లేకపోతేనే అడుగుతాం. అయినా దేవకి అడిగింది.

"ఘాటుకాడ మేకను గోసిండ్రక్కా," అన్నాడు జగదీశ్వర్. "మీ వాటా పొద్దుగూకెసరికి వస్తది."

కోసిన వాటిలో బండి కడిగినవాళ్లకు వాటా ఇవ్వడం ఆనవాయితీ. ముత్తెమ్మ ఆనవాయితీ ప్రకారమే టైరు మీది నెత్తురు వేలికి అద్దుకుని నుదుట బొట్టు పెట్టుకుంది. అదే వేలితో జగదీశ్వర్‌కు పెట్టబోయింది. అతను గబుక్కున వెనక్కి జరిగాడు, స్నానం చేసి వచ్చానన్నాడు. రైల్వే బాబుకు నెత్తురంటే భయమని మేమంతా నవ్వాం.

ఆ బండిని కడిగినంత బాగా మేము ఏ బండినీ కడగలేదు. ఛాసిస్ కింద వెల్లకిలా పడుకుని సందు సందునా గీకాం. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న మన్నును మేకుతో తవ్వి తీశాం. క్యాబిన్లో చాపలు దులిపి, సీట్లు తుడిచి, స్టీరింగ్‌కు పట్టిన జిడ్డు వదలగొట్టాం. అద్దాలు కాగితంతో రుద్దాం. టైర్లకు నల్ల పాలిష్ పట్టించాం. ముత్తెమ్మ పాట ఎత్తుకుంది, మేము అందుకున్నాం. మా గెలుపును మేమే తోముకుంటున్నాం అనుకున్నాం. బండి తళతళలాడుతూ పోయింది.

ఆడవాళ్లు ఉల్లిగడ్డ కోసి, మసాలా నూరి వాటా కోసం ఎదురు చూస్తున్నారు. మేక కార్జం ఎవరికని నేను ముత్తెమ్మతో పరాచికాలాడుతున్నాను. అంతలో దేవకి ఫోన్‌కు నర్సన్న ఊరి నుంచి ఫోటోలు వచ్చాయి. మొదటి దాంట్లో ఘాటు దారిలో అడ్డంగా నిలబడ్డ మనుషులు, వాళ్ల మీదికి వస్తున్న టిప్పర్, దాని ముందర బంతిపూల దండ. రెండో దాంట్లో నర్సన్న నేల మీద ఉన్నాడు. అతని ఛాతీ మీద టైరు అచ్చు ఉంది.

ముత్తెమ్మ ఫోన్ చూసింది. ఏడవలేదు. ఆమె చెయ్యి నుదుటి మీదికి పోయింది, అక్కడున్నది చెరిపేసుకోవాలని. దేవకి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు," అంది. "అది నర్సన్న."

అందరం చేతులు చూసుకున్నాం. ఆ చేతులు ఏం చేశాయో అప్పుడు తెలిసింది. బండి మీద ఏమీ మిగల్చలేదు మేము. నీళ్లు రోడ్డు పక్క మోరీలో పడి ఎప్పుడో పోయాయి. మిగిలింది ఆ బొట్టు ఒక్కటే. డాక్టర్ వచ్చి, పంచనామా చేసి దాన్ని తీసుకునేదాకా అది ఉండాలి. లేదంటే నర్సన్నను చంపిన బండి పండగ బండిగానే మిగిలిపోతుంది.

ఎండ మండుతోంది. చెమట కారి బొట్టు కరిగితే ఎలా? దేవకి కొంగుతో విసరసాగింది. ఒకరు గొడుగు పట్టారు. మిగతావాళ్లం ఫోన్లు చేశాం, పక్క వాషింగ్ సెంటర్లకు, మోండా మార్కెట్లో హమాలీలకు, నర్సన్న ఊరికి.

అందరికన్నా ముందు జగదీశ్వర్ వచ్చాడు. చూడండి వాడి గుండె. ఆటోలో బూట్ల మూటలు వేసుకుని వచ్చాడు. కొత్త బూట్లను మా ముందు కుప్ప పోశాడు.

ముత్తెమ్మ లేచి ఎదురుగా పోయింది. "తమ్మీ, మేక తల యాడ బెట్టినవ్?"

అతను అటూ ఇటూ చూశాడు. బండి గుద్దినప్పుడు తను అందులో లేనన్నాడు, తర్వాత ఎక్కానన్నాడు. బ్రేకులు పడలేదన్నాడు. అయిందేదో అయింది, శేట్ మనసు మార్చుకోకముందే బూట్లు తీసుకోండన్నాడు. మాకోసమే ఒప్పుకున్నానన్నాడు. అతని గొంతులో ఏడుపు కూడా ఉంది, అబద్ధం చెప్పను. చివరికి మగ్గులో నీళ్లు ముంచి ఆమెకు పట్టాడు.

"మొకం కడుక్కో అక్కా. నీ కాళ్లు మొక్కుత."

"నీకు కామెర్లయితె నీ మొకం నేను కడిగిన," అంది ముత్తెమ్మ. "నా తమ్ముని నెత్తురు నా చేత కడిగిపిచ్చినవ్. ఇగ నేనేం కడగ."

మగ్గు అతని చేతిలోనే ఉండిపోయింది. మేము ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. వెయ్యాలని నా చేతులు ఎంత గుంజాయో నాకు తెలుసు. దేవకి బూట్ల మూట ఎత్తి మళ్లీ ఆటోలో పెట్టింది.

పోలీసులు వచ్చేసరికి రోడ్డు నిండిపోయింది. రోడ్డు పొడుగునా ఉన్న వాషింగ్ సెంటర్లవాళ్లు బురద బట్టలతోనే వచ్చారు. హమాలీలు వచ్చారు. నర్సన్న ఊరివాళ్లు ట్రాక్టర్ల మీద వచ్చారు. మమ్మల్ని చూసి వాళ్ల కళ్లు ఎరుపెక్కాయి. మీరే కదా కడిగింది, అన్నాడొక ముసలాయన. అవును, మేమే కడిగాం, అంది ముత్తెమ్మ, గొడుగు కిందినుంచి ముఖం పైకెత్తింది. ఆ ముసలాయన ఆ బొట్టు చూశాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వానకాలం మీటింగ్‌లో చేతులెత్తి విడదీసుకున్న రెండు పోరాటాలు అక్కడ ఒక గొడుగు కింద కలిశాయి. అంత ఆలస్యంగా కలిసినందుకు నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

ఇన్‌స్పెక్టర్ దిగుతూనే సాక్ష్యం చెరిపేసిన నేరం కింద మమ్మల్ని వ్యాన్ ఎక్కించమన్నాడు. బండి ఏదని అడిగాం. దర్యాప్తు చేస్తామన్నాడు. డ్రైవర్ ఎక్కడన్నాం. దానికీ అదే జవాబు. ఒక లేడీ కానిస్టేబుల్ తడిగుడ్డ పట్టుకుని ముత్తెమ్మ వైపు వచ్చింది, పాపం వడదెబ్బ తగులుతుందని. ఆడవాళ్లు చేతులు కలుపుకుని చుట్టూ నిలబడ్డారు. డాక్టర్‌ను పిలవండి, అందరి ముందరా తీయండి, తర్వాత ఎక్కడికైనా వస్తాం. అదొక్కటే మాట. ఇన్‌స్పెక్టర్ మరాఠీలో బెదిరించాడు, హిందీలో బుజ్జగించాడు. లాఠీలు లేచాయి. ఊరివాళ్లు, మేమూ రోడ్డు మీద బైఠాయించాం. రెండు దిక్కులా లారీలు ఆగాయి. డ్రైవర్లు హారన్ కొట్టి కొట్టి, దిగి వచ్చి విషయం తెలుసుకుని, ఇంజన్లు బంద్ చేసి మా వెనక కూర్చున్నారు.

ఆఖరికి సర్కారు దవాఖాన నుంచి డాక్టర్ వచ్చింది. ఎండిపోయిన ఆ బొట్టును తడి దూదితో మెల్లగా అద్ది తీసి, సీసాలో పెట్టి సీలు వేసింది. ఇద్దరు లారీ డ్రైవర్లు పంచనామాకు సాక్షులుగా సంతకం చేశారు. సీసా మూత పడ్డాకే ముత్తెమ్మ ఏడ్చింది. తమ్ముడి పేరు పెట్టి, రోడ్డు మీద పడి ఏడ్చింది.

తర్వాత మాట ప్రకారం మేమే నడిచి వ్యాన్ ఎక్కాం. ముత్తెమ్మ, దేవకి, నేను, ఆ బండిని ముట్టిన ప్రతి ఒక్కరం. పొద్దు గుంకకముందే ఠాణాలో ఉన్నాం. శేట్ మాత్రం ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు.

దసరా పొద్దున లాకప్ తలుపు తీశారు. ఠాణా ముందు జీపుకు పూజ ఉంది. ముందు రోజు ఘాటుకు పోయివచ్చిన జీపు, చక్రాల నిండా గంగ మన్ను. ఒక హవల్దారు బకెట్, బ్రష్ తెచ్చి ముత్తెమ్మ ముందు పెట్టాడు. ఎలాగూ మీ పని ఇదే కదా, జల్దీ కడిగేయండి, సాహెబ్ వస్తున్నాడన్నాడు.

ముత్తెమ్మ బకెట్‌ను పాదంతో పక్కకు జరిపింది.

"కడగం," అంది.

బయట గేటు దగ్గర రాత్రంతా కూర్చున్న మనవాళ్లకు ఆ మాట వినపడింది. వాళ్లూ అదే మాట అన్నారు. ఆ పొద్దు భోకర్ రోడ్డు పొడుగునా ఇసుక బండ్లు వరస కట్టి నిలబడ్డాయని, ఒక్క సెంటర్లోనూ పంపు నడవలేదని తర్వాత తెలిసింది. ఠాణాలో పూజకు వచ్చిన పంతులు ఎవరైనా జీపు కడుగుతారేమోనని చాలాసేపు చూశాడు. ఆఖరికి మన్ను మీదనే కుంకుమ పెట్టి పూజ కానిచ్చాడు.