పంచదార లేని బాణలి

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో ముడిచి పట్టుకుని, సూది గుచ్చబోతూ నిబారణ్ మోదక్ ఒక్క క్షణం ఆగాడు. ఇన్సులిన్ రోజూ పద్దెనిమిది యూనిట్లు. ఇవాళ ఇరవై ఆరు దాకా లాగాడు. గుచ్చేశాడు.

"ఏవండీ, ఎక్కువ లాగినట్టున్నారు?" అంది శెఫాలి, మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు కలుపుతూ.

"రేపు జమాయీ షష్ఠి, అల్లుళ్ళ పండగ. ఊళ్ళో అల్లుళ్ళందరికీ ఇవాళే సందేశ్ చెయ్యాలి. ఎన్ని బాణళ్ళు రుచి చూడాలో నీకేం తెలుసు? ఆ తీపంతా పోయేది ఒంట్లోకే కదే. ముందే కాస్త అడ్డుకట్ట వేసుకుంటున్నా."

"డాక్టరు గారు చెప్పారా?"

"ఆయన చెప్పాలా? నలభై ఏళ్ళుగా పంచదారతో కాపురం చేస్తున్నవాణ్ణి."

"అయితే నేనెవర్నో మరి," అంటూ శెఫాలి గిన్నె అతని ముందుకి తోసింది. నిబారణ్ నవ్వాడు గానీ మరమరాలు సగమే తిన్నాడు. బియ్యమే కదా, అదీ షుగరేనని ఎవరో చెప్పారు.

అతనికి ఈ భయం అన్నయ్య భువన్ దగ్గర్నించి అంటుకుంది. భువన్ కూడా మిఠాయి పనివాడే, షుగరు మనిషే. కాలి వేలికి చిన్న పుండు పడింది. తర్వాత పాదం తీసేశారు, ఆ తర్వాత మోకాలి పైదాకా తీసేశారు. ఏడాది తిరక్కుండా మనిషే పోయాడు. ఆస్పత్రిలో దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉండటం నిబారణ్ చూశాడు. అప్పట్నించి పంచదార బస్తా పక్కనించి వెళ్ళాలన్నా లుంగీ ఎత్తి పట్టుకుని, పాముని దాటినట్టు దాటుతాడు.

కానీ అతని పనే నాలుకతో. పొయ్యి మీద పాలవిరుగుడు ఉడుకుతుంటే చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, నాలుక మీద పెట్టుకుని, "దించు" అనో, "ఇంకో నిమిషం" అనో అనాలి. బాగ్‌బజార్లో ఆ కొట్టు సందేశ్ అంటే నిబారణ్ నాలుకే.

డాక్టరు ఒక మాట చెప్పాడు, ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజున. "చెమటలు పట్టి, చేతులు వణికితే షుగరు పడిపోయిందని అర్థం. వెంటనే తీపి నోట్లో వేసుకో. ఆలస్యం చెయ్యకు."

నిబారణ్‌కి నవ్వొచ్చింది. తన షుగరు పడిపోవడమా!

కొట్టుకి వెళ్ళేసరికి వెనక వంటగదిలో అయిదు పొయ్యిలూ మండుతున్నాయి. యజమాని అనాది బాబు ధోవతి కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"నిబారణ్, ఇవాళ మిగతా బాణళ్ళ వైపు వెళ్ళకు. అవి పాంచూ చూసుకుంటాడు. నువ్వు పంచదార లేనివి పట్టు. నాలుగొందలు కావాలి."

"నాలుగొందలా బాబూ? పోయినేడు తొంభై చేశాం."

"పోయినేటి అల్లుళ్ళు ఈ ఏటికి ముదిరారు. అందరికీ షుగరే. అత్తగార్లు పళ్ళెంలో ఏం పెట్టాలి, కాకరకాయలా?"

నిబారణ్ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇవాళంతా పంచదార నాలుకకి తగిలే పనే లేదు. ఆ సంతోషంలో పొద్దున అదనంగా ఎక్కించుకున్న ఎనిమిది యూనిట్లు గుర్తు రాలేదు. గండం తప్పిందనుకున్నవాడు వెనక్కి తిరిగి ఎందుకు చూస్తాడు!

ఈ బాణలి లెక్కే వేరు. పాలవిరుగుడుని తెడ్డుతో తిప్పి తిప్పి, నీరు ఇగిరాక దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పంచదార బదులు వాడే తెల్ల పొడి కలపాలి. మంట మీద వేస్తే అందులో తీపి చచ్చిపోతుంది. మొదటిసారి అది తెలీక ఉడుకుతుండగా వేశాడు. సుద్దముక్కల్లా వచ్చాయి. అంత పనివాడు ఆ రోజు తలెత్తలేదు. ఇప్పుడు చెయ్యి కుదిరింది. చిటికెడు పొడి వేస్తే దోసెడు పంచదార పెట్టు. అయినా ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా అతనికి గుబులే. పంచదార చెరుకులోంచి వస్తుంది, చెరుకు మట్టిలోంచి వస్తుంది. ఇది దేంట్లోంచి వస్తుంది? దీని తీపి కూడా ఆలస్యంగా వచ్చి, వెళ్ళమన్నా వెళ్ళని చుట్టంలా నాలుక వెనకాల కూర్చుంటుంది.

పదకొండింటికి ముఖర్జీ వారి ముసలావిడ వంటగది గుమ్మం దాకా వచ్చేసింది. అందరికీ ఆవిడ మాసీమాయే, అంటే పిన్నిగారే. ముందు కౌంటరు దగ్గర ఆవిడ ఎప్పుడూ ఆగదు.

"నిబారణ్, మా అల్లుడికి షుగరు మూడొందలు. అయినా పన్నెండు సందేశ్ లేకపోతే మొహం ముడుచుకుంటాడు. నీ పొడితో చేసినవి తింటే ఏం కాదు కదా?"

"షుగరు పెరగదు మాసీమా."

"అది కాదురా. మా చెల్లెలు ఫోన్లో పంపింది, ఆ పొడి తింటే క్యాన్సరట."

నిబారణ్ తెడ్డు ఆపేశాడు. ఆ భయం అతనికీ ఉంది. ఒకసారి డాక్టర్ని అడిగాడు కూడా. "మితంగా తింటే భయం లేదు. కానీ పొడి కదా అని పన్నెండు తినకూడదు. అది మందు కాదు" అన్నాడాయన.

"మందు కాదు మాసీమా. రెండు పెట్టండి చాలు," అన్నాడు.

"రెండా! అత్తగారు పిసినారిదంటాడు."

పక్క పొయ్యి దగ్గర్నించి పాంచూ అనే పంచానన్ అందుకున్నాడు. "పన్నెండూ పెట్టండి మాసీమా, పన్నెండూ. మా దాదా మాటినకండి. ఈయన నీళ్ళు తాగినా ఎన్ని చుక్కలని అడుగుతాడు."

"నీకు రాలేదురా పాంచూ, వస్తే తెలుస్తుంది," అన్నాడు నిబారణ్. ముసలావిడ ఎనిమిదికి ఒప్పుకుని వెళ్ళింది.

ఒంటిగంటకి మూడొందలు దాటాయి. మిగిలినవి అచ్చుల్లో నొక్కాలి. నొక్కుతుంటే శంఖం అచ్చులోంచి శంఖం వంకరగా వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వంకరే. చూస్తే తన వేళ్ళు వణుకుతున్నాయి. మెడ మీంచి చెమట ధారగా కారుతోంది. అయిదు పొయ్యిల మధ్య జ్యేష్ఠమాసంలో చెమట ఎవరికి పట్టదు? కానీ ఈ చెమట చల్లగా ఉంది.

డాక్టరు మాట గుర్తొచ్చింది. తీపి తినాలి. ఆలస్యం చెయ్యకూడదు.

పది అడుగుల దూరంలో పంచదార బస్తాలున్నాయి. పంచానన్ పక్కన రసగుల్లాలు పాకంలో తేలుతున్నాయి. నిబారణ్ అటు చూశాడు. దుప్పటి కింద చదునుగా ఉన్న వైపు కళ్ళ ముందు మెదిలింది. చెయ్యి తన పళ్ళెం మీదికే వెళ్ళింది. ఒకటి తిన్నాడు. తియ్యగా ఉంది. ఇంకోటి తిన్నాడు. అదీ తియ్యగానే ఉంది. ఇంకా నయం, ఇది చేటు చెయ్యని తీపి అనుకున్నాడు. నలభై ఏళ్ళు అబద్ధం చెప్పని నాలుక మరి. అది తీపంటే తీపే.

"దాదా, మొహం పాలిపోయిందేంటి?" పంచానన్ గరిటెతో రసగుల్లా తీసి పట్టుకొచ్చాడు. "ఇది వేసుకో."

"చంపుతావురా నన్ను? తీసెయ్. తీపి తిన్నాను. రెండు తిన్నాను."

"అన్నం తిన్నావా?"

"ఈ పళ్ళెం అయ్యాక తింటా."

పళ్ళెం అవలేదు. మాట కాస్త ముద్దగా వస్తోంది. కళ్ళకి పొయ్యిలు అయిదు కాస్తా ఏడో ఎనిమిదో అయ్యాయి. ఇంకో సందేశ్ ఆకులో పెట్టుకుని, గోడ వారన చాప పరుచుకుని కూర్చున్నాడు. కొరికాడు. నమలడానికి బద్ధకం వేసింది. ఒరిగాడు.

మధ్యాహ్నం కొట్టు తలుపులు ఓరగా వేసే వేళ. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కాసేపు నడుం వాలుస్తారు. నిబారణ్ గురక పెడుతుంటే పంచానన్ ఫ్యాను అటు తిప్పి, పెద్దాయన అలిసిపోయాడులే అనుకున్నాడు. కాసేపటికి గురక ఆగింది. నిద్ర పట్టిందనుకున్నాడు.

నాలుగింటికి అనాది బాబు, "నిబారణ్, నాలుగొందలు అయ్యాయా?" అని కేకేశాడు. రెండోసారీ కేకేశాడు. మూడోసారి ఎవరూ కేకెయ్యలేదు.

ఎదురు మందుల కొట్లో కూర్చునే కుర్ర డాక్టరు పరుగున వచ్చాడు. చెయ్యి పట్టుకున్నాడు, కనురెప్ప ఎత్తాడు, ఆ చేతిని మెల్లగా చాప మీద పెట్టేశాడు.

"ఇన్సులిన్ తీసుకునేవాడా? అన్నం తిన్నాడా?"

"అన్నం తినలేదు బాబూ. కానీ తీపి తిన్నాడు," అన్నాడు పంచానన్. "వణుకొస్తోందని రెండు తిన్నాడు. నా కళ్ళతో చూశాను. తీపి తిన్నాడు బాబూ!"

"ఏ తీపి?"

పంచానన్ పళ్ళెం వైపు వేలు చూపించాడు. డాక్టరు ఆ పళ్ళేన్ని చూశాడు, బస్తాల్ని చూశాడు. శెఫాలికి కబురు చెయ్యడానికి అనాది బాబు చెప్పులు వెతుక్కుంటున్నాడు, కాళ్ళకి ఉన్నవాటినే మర్చిపోయి.

చాప పక్కన ఆకులో సగం కొరికిన సందేశ్ ఉంది. పంటి గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. బస్తాల వైపు పోతున్న చీమల బారు ఆకు అంచుదాకా వచ్చి, దాన్ని చుట్టి, ముట్టుకోకుండా తన దారిన తను పోతోంది.